గోడ మీది గడ్డం

"సంక్రాంతి నెలగంట పెట్టేలోగా ఇల్లంతా సున్నం వేసెయ్యి పద్మా. తూర్పు గదిలో ఆ గోడకి మాత్రం రెండు పూతలు పడాలి. ఒక్క గీత కూడా కనిపించకూడదు."

బడికి వెళ్తూ, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ మా ఆయన అన్న మాట ఇది. జవాబు కోసం ఆగలేదు. ఆగినా నేను చెప్పేదాన్ని కాదు. అప్పుడు నా నాలుక అంగిట్లో ఉంది. కొస నుంచి మొదలు దాకా, మాడిన అట్టు పెనానికి అంటుకున్నట్టు, పై అంగిటికి అంటించి ఉంచాలి. పెదవులు మూసుకోవాలి. పళ్లు తగిలీ తగలనట్టు ఉండాలి. గాలి ముక్కుతోనే పీల్చాలి. పదకొండు నెలల మూడు రోజులుగా నా నోటికి ఇదే కొలువు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, నిన్న నానబోసిన సున్నపు బాన మూత తీసి కర్రతో కలిపాను. వేడి ఇంకా చల్లారలేదు. కొబ్బరిపీచు కుంచె తీసుకుని ముందు వంటిల్లు మొదలుపెట్టాను. వంటిల్లయ్యాక నడవ, నడవ తరవాత పడమటి గది. తూర్పు గది వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. చెయ్యి ఎత్తబోయి ఆగిపోయాను.

తూర్పు కిటికీకి ఎదురుగోడ అది. దాని మీద నా మొహం పన్నెండు సార్లు ఉంది. అంతా పక్కవాటు మొహమే. నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం. కళ్లు లేవు, చెవి లేదు, జడ లేదు. అన్నీ సన్నటి పెన్సిలు గీతలు, ఒకదాని మీద ఒకటి. గడ్డం దగ్గర మాత్రం పాయలు విడిపోతాయి. ప్రతి పాయ పక్కనా ముచ్చటైన అక్షరాలతో నెల పేరు, దాని కింద ఒక అంకె. మా ఆయన జగన్నాధం ఈ ఊళ్లో, అంటే ఆమదాలవలసలో, డ్రాయింగు మేస్టారు. ఆయన గీసిన గీత ఎక్కడా వణకదు.

ఇదంతా ఒక ఫొటోతో మొదలైంది. కిందటేడు డిసెంబరులో బడి వార్షికోత్సవానికి మేస్టర్లందరూ భార్యలతో సహా ఫొటో తీయించుకున్నారు. నేను ఇంట్లో పని తెముల్చుకుని వెళ్లేసరికి అందరూ బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. నేను గేటు దగ్గర ఉండగానే హిందీ పండితుడు నరసింగరావు గారు, "మేస్టారూ, మీ ఆవిడ గడ్డం వచ్చేసింది. ఆవిడ ఎప్పుడొస్తారు?" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఏం చెయ్యాలో తెలియక నేనూ నవ్వాను. ఆ నవ్వే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఇంటికొచ్చాక ఆయన నరసింగరావు గారిని ఒక్క మాట అనలేదు. నా వైపు చాలాసేపు చూసి, "మీ వంశంలో అందరికీ ఇలాగే ఉంటుందా?" అన్నాడు.

మా వంశంలో అందరికీ కాదు, మా నాన్నకే ఉండేది. మా నాన్న దాలయ్య బండి కట్టుకుని శృంగవరపుకోట సంతకి బెల్లం తోలేవాడు. ఎద్దుల్ని అదిలించేటప్పుడు ఆ గడ్డం ముందుకు పొడుచుకొచ్చి, మనిషి కన్నా ముందు అదే ఊరు చేరేటట్టు కనిపించేది. నా మొహం చూసుకుని మురిసిపోయేవాడు. నన్ను శ్రీకాకుళంలో పంతులమ్మ ట్రైనింగుకి పంపించింది ఆయనే. నేను పాస్ అయ్యానన్న కబురు విన్నాడు గానీ, నాకు ఉద్యోగం రావడం చూడలేదు.

ఉద్యోగం కాగితం ఆ ఫొటో తీసిన వారంలోనే వచ్చింది. ఎచ్చెర్లలో పంచాయతీ సమితి బడిలో పంతులమ్మగా చేరమని. నేను ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. మా ఆయన ఒకసారి చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ మొహంతో పిల్లల ముందు నిలబడితే పాఠం ఎవరు వింటారు? చదువుకున్నవాళ్లే నవ్వారు, పిల్లలు ఊరుకుంటారా? ముందు మొహం చక్కబడనీ. ఏడాది ఎంతలో తిరిగొస్తుంది?" అన్నాడు. ఆరోగ్యం బాగులేదు, గడువు ఇప్పించమని తనే ఉత్తరం రాశాడు. నా చేత సంతకం పెట్టించాడు. అయితే ఆ సంతకం నా పాతపేరుతో పెట్టాల్సి వచ్చింది. సర్టిఫికెట్లలో నేను దేముడమ్మని. పెళ్లయిన వారానికే, మరీ మోటుగా ఉందని, ఆయన పద్మకుమారి అని మార్చాడు. అప్పుడు నాకు అది ముద్దుగానే అనిపించింది. మనిషికి ఒకటే మొగుడు, రెండు పేర్లుంటే తప్పేమిటి అనుకున్నాను.

స్టేషను దగ్గర పుస్తకాల కొట్లో ఆయనకో చిన్న పుస్తకం దొరికింది. ఎవరో వ్యాయామం నేర్పే ఆయన అచ్చు వేయించుకున్నది. నాలుకని అంగిటికి ఆనించి ఉంచితే, అది లోపలి నుంచి నెట్టి నెట్టి పై దవడని ముందుకు తెస్తుందట. కింది దవడ వెనక్కి సర్దుకుంటుందట. చిన్నపిల్లలకి ఆరు నెలలు, పెద్దవాళ్లకి ఏడాది. మా ఆయనకి మొహం బొమ్మ గీయడంలో కొలతలు తెలుసు కాబట్టి ఇది శాస్త్రం అనిపించింది. అరవై ఏడు జనవరి ఒకటో తారీకు ఆదివారం వచ్చింది. ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి, రైసుమిల్లు కూత వేసే వేళకి, నన్ను ఈ గదిలో పీట మీద ఉత్తరం వైపు మొహం పెట్టి కూర్చోబెట్టాడు. కిటికీలోంచి ఎండ వచ్చి నా నీడ గోడ మీద పడింది. ఆయన దాని అంచు వెంట పెన్సిలు నడిపించాడు. తరవాత నుదుటి గీత నుంచి దారం వదిలి, గడ్డం ఆ దారం దాటి ఎంత ముందుకొచ్చిందో స్కేలుతో కొలిచాడు. ఏడు నూళ్లు. అంగుళంలో ఎనిమిదో వంతుని వడ్రంగులు నూలు అంటారు. ఏడాదిలో నాలుగుకి తేవాలి అన్నాడు. అప్పటినుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం నాకు కొలత రోజు.

మిగతా రోజులు నాలుక రోజులు. ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడూ పొయ్యి ఊది ఉండడు. గొట్టంతో పొయ్యి ఊదాలంటే నాలుక దింపక తప్పదు. అందుకని గొట్టం మానేసి, విసనకర్రతో విసిరి విసిరి, పచ్చిపుల్లల పొగ కళ్లలో నింపుకున్నాను. ఉప్పు చూడాలంటే నాలుక దింపాలి. ఉప్పు చూడటం మానేస్తే, కూర చప్పగా ఉందని ఆయనే అన్నాడు. నూతి దగ్గర పక్కింటావిడ పలకరిస్తే తల ఊపేదాన్ని. గర్వం అనుకుంది, తరవాత పలకరించడం మానేసింది. నిద్రలో నోరు తెరుస్తున్నానని నెల తిరక్కుండానే ఆయన తువ్వాలుతో నా దవడ బిగించి నడినెత్తిన ముడి వేశాడు. పొద్దున్నే ముడి విప్పుకోకుండా వాకిలి ఊడుస్తుంటే మా అత్త అసిరమ్మ చూసి, చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"ఏట్రా ఇది జగన్నాధం, పీనుక్కి కట్టినట్టు కట్టినావు? బతికున్న గుంటకి అలగ కడతారేట్రా?"

"నీకు తెలీదమ్మా, ఇది వైద్యం," అన్నాడాయన లోపల్నుంచి.

ఆయన చెప్పాడు కాబట్టే ఇదంతా చేశానంటే అబద్ధం అవుతుంది. నాకూ కావాలనిపించింది. అందుకే ఆయన లేనప్పుడు కూడా నాలుక దింపలేదు. గిన్నెలు తోముతూ, పప్పు రుబ్బుతూ, ఒంటరిగా ఉన్నప్పుడు సైతం, ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టే అంగిటికి నొక్కి పట్టాను. నాలుక మొదలు దగ్గర పుండు పడింది. పళ్లు సలిపేవి. ఆ నొప్పిని కూడా ఎముక కదులుతోందన్న గుర్తుగా లెక్కేసి సంతోషపడ్డాను. పగిలిపోయి నా గడ్డాన్ని మూడుగా చూపించే అత్త అద్దంలో కూడా అది తగ్గిందేమోనని వెతుక్కునేదాన్ని. అలా వెతుక్కుంటున్న రోజే ఒకసారి నాన్న మొహం గుర్తొచ్చింది. నా గడ్డం పోతే ఆ మనిషి ఈ లోకంలో ఇంకెక్కడా మిగలడు కదా అనిపించి, అద్దం బోర్లించి వెళ్లి బట్టలు ఉతుక్కున్నాను.

ఫిబ్రవరిలో గీత కొద్దిగా వెనక్కి వచ్చింది. మార్చిలో ఇంకొంచెం. ఏప్రిల్లో ఆయన స్కేలు మూడుసార్లు పెట్టి చూసి, "ఆరు, పద్మా. సరిగ్గా ఆరు," అన్నాడు. ఒక్క నూలు. బియ్యపు గింజలో సగం పొడుగు. దానికి నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, అంత ఆనందం వేసింది. ఆయన ఆ సాయంత్రం మల్లెపూలు తెచ్చాడు. బళ్లో అందరికీ చెప్పాడట. నరసింగరావు గారు ఆ పుస్తకం అడిగి పట్టుకెళ్లాడట. ఎండాకాలమంతా, వానాకాలమంతా గీత ఆ ఆరు దగ్గరే అటూ ఇటూగా నిలబడింది. ఎముక కుదురుకుంటోంది, కుదురుకున్నాక మళ్లీ కదులుతుంది అని ఆయన ధైర్యం చెప్పాడు. మధ్యలో ఉద్యోగం సంగతి ఒకసారి ఎత్తాను. ఎత్తడం అంటే పలక మీద రాసి చూపించాను, నాలుక దింపడం ఎందుకని. ఆయన పలక తుడిచేసి, "నాలుగు రానీ," అన్నాడు.

మా అత్తకి ఈ వ్యవహారం మొదట్నుంచీ నచ్చలేదు. నా మీద జాలితో అనుకోకండి. ఆవిడకి నా గడ్డమూ నచ్చలేదు, నా చదువూ నచ్చలేదు. పెళ్లిచూపుల నాడే, "గుంట బాగానే ఉన్నాది గానీ, గెడ్డం మాత్తరం గరిటిలాగ ఉన్నాది," అని నలుగురిలో అన్న మనిషి. ఆవిడ రోజంతా వీధరుగు మీద కూర్చుని అడ్డపొగ కాలుస్తుంది. మా వైపు ఆడవాళ్లు చాలామంది అంతే, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. నిప్పు అంగిటికి తగలకుండా, నాలుకకి అంటకుండా, నోట్లో దానికో చోటు చేసి పెట్టాలి. కొత్తగా వచ్చినవాళ్లు చూస్తే భయపడతారు. జూలైలో ఒకనాడు నేను అరుగు అలుకుతుంటే ఆవిడ చుట్ట పైకి తీసి, బూడిద ఉమ్మేసి అంది.

"ఒలే దేముడా, నాకొకటి సెప్పు. నా నాలిక నలబై ఏళ్లుగా నిప్పుకి కాపలా కాస్తన్నాది. ఒకే సోట, ఒకే వాటాన. ఈ ఈదిలో అసుంటి నాలికలు ఇరవై ఉన్నాయి. ఎవులి మొకం మారింది? మాయమ్మ మొకమే నాకుండిపోయింది, సూడు."

నేను తలెత్తి చూశాను. ఆవిడ ఒక్కతే నన్ను ఇంకా దేముడమ్మ అని పిలుస్తుంది. సమాధానం చెప్పాలనిపించింది గానీ నాలుక పైన ఉంది. పేడచెయ్యి తిప్పుకుంటూ అలుకు పూర్తి చేశాను. ఆ మాట మాత్రం నోట్లో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది.

అక్టోబరు మొదటి ఆదివారం గీత ముందుకొచ్చింది. ఆయన గీసి, కొలిచి, మళ్లీ కొలిచి, నా వైపు తిరిగాడు. "నాలుక దించావు," అన్నాడు. లేదని తల అడ్డంగా ఊపాను. "నేను లేనప్పుడు దించావు. పక్కింటావిడతో కబుర్లు చెప్పుకున్నావు. గోడ అబద్ధం చెబుతుందా?" అన్నాడు. పక్కింటావిడ నాతో మాట్లాడటం మానేసి ఆరు నెలలైంది. ఆయన వెళ్లిపోయాక నేను పీట మీద అలాగే కూర్చుండిపోయాను. ఒళ్లంతా మండిపోయింది. తిట్టినందుకు కాదు, తిట్లు నాకు కొత్త కాదు. చెయ్యని దొంగతనం అంటగట్టినందుకు. ఆయన ఇంట్లో లేనప్పుడు కూడా, చీకట్లో కూడా, పుండు రసి కారినప్పుడు కూడా నేను దించలేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. కాబట్టి అబద్ధం చెబుతున్నది గోడే అయి ఉండాలి. ఆ ఆలోచన వచ్చాక ఇంక కూర్చోలేకపోయాను. ఆ రోజు బియ్యం ఏరుతూ కూడా అదే ఆలోచించాను.

అబద్ధం ఆడుతుందా లేదా అని గోడని పరీక్షించాలంటే, నెలనెలా మారనిది ఒకటి దాని ముందు పెట్టాలి. మనిషిని పెట్టి లాభం లేదు, మనిషి మీద అనుమానం ఉంటుంది. ఇల్లంతా చూస్తే నాకు నాన్న మరచెంబు దొరికింది. సంతకి వెళ్లేటప్పుడు మంచినీళ్లు పట్టుకుని మూత బిగించుకునే ఇత్తడి చెంబు. గుండ్రటి పొట్ట. దానికి నాలుక లేదు, కబుర్లు లేవు. మర్నాడు సోమవారం, ఆయన నూతి దగ్గర స్నానం చేస్తుండగా మిల్లు కూత వేసింది. పీట మీద చెంబు పెట్టి, గోడ కింది భాగాన, బియ్యం డబ్బా వెనక పడేచోట, దాని నీడ చుట్టూ పెన్సిలుతో గీశాను. నా చేతికి ఆయన చేతికున్నంత నిలకడ లేదు గానీ గీత గీతే. నవంబరులో మళ్లీ గీశాను. ఆయన చేసినట్టే చేశాను. సూర్యుడు జరగడం వల్ల నీడ పక్కకి పోతే, నీడ అంచు పాత గుర్తు మీద పడేదాకా ఆయన పీట జరుపుతాడు. నేనూ జరిపాను. ఒక పక్క అంచు కలిసింది, పొట్ట కలవలేదు. నవంబరు చెంబు అక్టోబరు చెంబు కన్నా లావుగా ఉంది.

ఆ రెండు గీతల్నీ చూస్తూ నవ్వాను. నాలుక దిగిపోయింది, పట్టించుకోలేదు. చలికాలం సూర్యుడు దక్షిణానికి వెళ్తాడు, ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతుంది, నీడ సాగుతుంది. వేసవికి ఎదురుగా వస్తాడు, నీడ తగ్గుతుంది. జనవరిలో నా గడ్డం ఏడు కాదు, ఏప్రిల్లో ఆరూ కాదు. ఎప్పుడూ ఉన్నంతే ఉంది. నీడ జరిగితే పీట జరిపాడు. నీడ సాగితే మాత్రం నా నాలుక జారిందన్నాడు. వెలుగు, నీడ అని పిల్లలకి వారానికి రెండు పీరియడ్లు పాఠం చెప్పే మనిషి. నవ్వు ఆగాక మాత్రం చెంబు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మల్లెపూల నాడు ఏడ్చిన ఏడుపు తలుచుకుంటే సిగ్గేసింది. గుమ్మంలో అలికిడైతే చూశాను, అత్త.

"సెంబుకి బొమ్మలెట్టడం ఏటే?"

చెప్పాను. పది నెలల తరవాత ఒకేసారి అంత మాట్లాడేసరికి నాకే నా గొంతు ఎవరిదోలా వినిపించింది. ఆవిడ వంగి రెండు చెంబుల్నీ వేలితో తడిమి, "ఇంకో నెల సూడు," అని వెళ్లిపోయింది.

నిన్న డిసెంబరు మొదటి ఆదివారం. ఆయన గీత గీశాడు. అది జనవరి గీత మీద ఇంచుమించు కూర్చుంది. ఏడుకి కొంచెం తక్కువ. ఆయన మొహం చిన్నబోయింది, పాపం, నిజంగానే బాధపడ్డాడు. "ఏడాది కష్టం గంగలో కలిపేశావు. సరే, కొత్త సంవత్సరం నుంచి మళ్లీ మొదలుపెడదాం. పాత గీతలు చెరిపించేస్తే నీకూ కొత్త ఉత్సాహం వస్తుంది," అన్నాడు. ఇవాళ పొద్దున్న ఆయన నూతి దగ్గర ఉండగా నేను మూడో చెంబు గీసుకున్నాను. అన్నిటికన్నా లావుగా వచ్చింది. ఆయన బట్టలు వేసుకుని బయల్దేరుతుంటే, ఇన్నాళ్ల అలవాటు కొద్దీ నాలుక మళ్లీ అంగిట్లో పెట్టుకుని, సున్నం మాట వింటూ గుమ్మంలో నిలబడ్డాను. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియలేదు.

అలా ఇప్పుడు గోడ ముందు, చేతిలో కుంచెతో ఆగిపోయాను. సున్నం చుక్కలు కాళ్ల మీద పడుతున్నాయి. వేస్తే ఇంకో ఏడాది. వెయ్యకపోతే ఏమవుతుందో తెలీదు. వీధిలోంచి అత్త కేకేసింది.

"దేముడా, ఇలగ రా. బేగి రా."

వెళ్లాను. ఆవిడ చుట్టల డబ్బా మూత తీసి, పొగాకు కింద నుంచి ఒక కవరు లాగి నా చేతిలో పెట్టింది. రిజిస్టరు ఉత్తరం. పొగాకు కంపు కొడుతోంది. సమితి ఆఫీసు ముద్ర ఉంది. చించి చదివాను. గడువు అడిగి ఏడాది కావస్తోంది, ఈ నెల అయిదో తారీకులోగా చేరకపోతే పేరు కొట్టేస్తామని ఉంది. అయిదంటే రేపు.

"ఇదెప్పుడొచ్చింది అత్తా?"

"సనివారం. కొత్త పోస్టుమేను గదా, దేముడమ్మ పేరున వచ్చింది, దేముడమ్మ ఎవులు ఈ ఇంట్లో అన్నాడు. నువ్వు నూతికాడున్నావు. నానే అన్నాను. సమితి ఆపీసు కాయితం, ఏలుముద్ర ఎయ్యమన్నాడు, ఏసీసినాను."

"అప్పుడే ఇవ్వలేదేం?"

"ఆదోరం గీత తేలీవరకూ ఆగినాను. నువ్వు సెప్పింది నిజమో కాదో సూడాల గదా. మావోడికిస్తే మల్లీ ఒంట్లో బాగోలేదని రాసీగలడు." ఆవిడ చుట్ట తిప్పి నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "నాకీ అడ్డపొగ ఎలగ అలవాటైందో తెల్సా నీకు? పొలాల్లో గాలికి ఆరిపోకుండా అని అందరూ సెప్తారు. నాకు అదేం కాదు. మీ మావకి నాను నోరిప్పితే సాలు, సెయ్యి లేసేది. నిప్పు నోట్లో ఉన్న మనిసిని ఎవులూ మాటాడమనరు. అలగ పెట్టుకున్నాను, అలగే ఉండిపోయింది. నలబై ఏళ్లు."

ఆవిడ చుట్ట నోట్లో పెట్టేసుకుంది. నేను ఆవిడ పక్కన అరుగు మీద కాసేపు కూర్చున్నాను. తరవాత లేచి, తూర్పు గదిలో మిగతా మూడు గోడలకీ సున్నం వేసి, ఆ గోడ అలాగే వదిలేసి, బియ్యం డబ్బా పక్కకి జరిపి, కుంచె కడిగేశాను.

ఆయన అయిదింటికి వచ్చాడు. ఇల్లంతా తెల్లగా ఉండటం చూసి సంతోషించాడు. తూర్పు గదిలోకి వచ్చి, "ఈ గోడ వదిలేశావేం?" అన్నాడు. నేను మూడు చెంబుల్నీ చూపించాను. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. చెంబు తెచ్చి ఎదురుగా పెట్టాను. "దీని నాలుక ఎప్పుడు జారిందో చెప్పండి," అన్నాను.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని జేబులోంచి స్కేలు తీశాడు. ఒక్కొక్క పొట్టా కొలిచాడు. కిటికీ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడటం చూశాను. అర్థమైంది ఆయనకి. డ్రాయింగు మేస్టారు కదా, నాకన్నా బాగా అర్థమైంది. "నీడ సాగింది," అన్నాడు మెల్లిగా. ఒక్క నిమిషం నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఇప్పుడు నా చెయ్యి పట్టుకుంటాడు, ఎంత పని చేశాను దేముడూ అంటాడు అనుకున్నాను.

ఆయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "సూర్యుణ్ణి నమ్ముకోవడం నా పొరపాటే. జనవరి నుంచి లాంతరుతో గీద్దాం. లాంతరు కదలదు. రేపు ఆ గోడకి సున్నం వేసెయ్యి."

"రేపు కుదరదు. ఎచ్చెర్లలో ఉద్యోగంలో చేరుతున్నాను," అని కాగితం చూపించాను.

ఆయన చదివాడు. ఈసారి జేబులో పెట్టుకోకుండా నేను అంచు పట్టుకునే ఉన్నాను. బళ్లో పుస్తకంలా మాట్లాడే మనిషి, కోపం వస్తే వాళ్లమ్మ యాసలోకి వచ్చేస్తాడు. "నీకు ఉజ్జోగం ఏటికే? ఎవులు తెచ్చినారు ఈ కాయితం? నీకేటి తక్కువ సేసినాను?" అన్నాడు. అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన ఆవిణ్ణి చూసి గొంతు తగ్గించాడు. తరవాత అన్న మాట కోపంగా అన్నది కాదు. నిజంగా నొచ్చుకుని, బతిమాలుతున్నట్టు అన్నాడు. "ఈ ఏడాదంతా ఇల్లు ఎంత పెసాంతంగా ఉన్నాది. ఒక గొడవ లేదు, ఒక ఎదురుమాట లేదు. మనం ఇంత బాగా ఎప్పుడైనా ఉన్నామేటి?"

ఆ మాటతో నాకు గోడంతా ఒకేసారి అర్థమైంది. గడ్డం ఎన్ని నూళ్లు తగ్గినా ఆయన నాలుక దించమనేవాడు కాదు.

"ఏవండీ," అన్నాను. "ఇవాళ్టివి కాకుండా, ఈ ఏడాదిలో నేను మీతో అన్న మాట ఒక్కటి చెప్పండి. ఏదైనా సరే. చెబితే నేను రేపు వెళ్లను."

ఆయన నోరు తెరిచాడు. నేను ఆగాను. గుమ్మంలో అత్త చుట్ట నోట్లోంచి తీసి చేత్తో పట్టుకుని, కొడుకు వైపే చూస్తూ నిలబడింది. వీధిలో ధాన్యం బండి ఒకటి మెల్లిగా వెళ్లిపోయింది, దాని చక్రాల చప్పుడు కూడా పోయింది. ఆయన నోరు ఇంకా తెరిచే ఉంది. నాలుక కింది పళ్ల వెనక కదలకుండా పడి ఉంది. ఆయన గడ్డం కొంచెం లోపలికి ఉంటుందని నేను మొదటిసారి చూశాను.

పీట మీద నుంచి నాన్న మరచెంబు తీసుకుని నూతి దగ్గరికి వెళ్లాను. చింతపండు వేసి తోమి, పొద్దుటి బస్సుకి మంచినీళ్లు నింపి, మూత బిగించాను.